దోమలు ముసిరే దాకా: పాకలో పట్టిన అనాఫిలిస్‌ను ల్యాబ్‌లో నిలబెట్టిన తొమ్మిది నెలలు

ఆగస్టు మొదటి వారంలో మొదలుపెట్టిన పని ఏప్రిల్ రెండో వారానికి ఒక దారికి వచ్చింది. మధ్యలో ఒక కాలనీ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే దోమల గుంపు) రెండో తరంలోనే పూర్తిగా పోయింది, ఇంకోటి నిలబడింది. దోమ అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్, పల్లెల్లో మలేరియా మోసే జాతి. ఈ పనికి దిగబోయేవాళ్లు ముందుగా అడిగేది లార్వాలకు ఏం పెట్టారు, గదిలో వేడి ఎంత ఉంచారు అని. ఆ రెండూ నెలన్నరలో చేతికి వచ్చేస్తాయి. మా కాలమంతా తినేసింది వేరే. ఆరుబయట గుంపుగా ఎగురుతూ జత కట్టడం అలవాటైన దోమ, నెట్ కట్టిన కేజ్‌లో జత కట్టడానికి ఒప్పుకోదు. జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను. తొందరలో ఉన్నవాళ్లు నేరుగా మసక వెలుతురు గురించి రాసిన చోటికి వెళ్లండి.

జీవభద్రత కమిటీకీ, జంతు ప్రయోగాల నైతిక కమిటీకీ దరఖాస్తులు జూన్‌లో ఒకేసారి పెట్టాం. అనుమతి రావడానికి ఏడు వారాలు పట్టింది. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, పట్టి తెచ్చిన దోమ తప్పించుకుంటే ఏం చేస్తారని. రెండు తలుపుల గది, తలుపుల మధ్య చిన్న చీకటి గది, దోమ వాలితే చుక్కలా కనబడేలా తెల్లటి గోడలు, మూలన లైట్ ట్రాప్, తూముకు సన్న జాలి ఉన్నాయని చూపించాం. ట్రేల నీళ్లు మరిగించాకే పారబోస్తామని రాసిచ్చాం. బయట పట్టిన దోమలకు ఒక గది, వాటి పిల్లలకు వేరే గది ఉండాలి. ఇది కమిటీ కోసం కాకపోయినా చేయాల్సిందే. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఆగస్టు: పట్టడం, తేవడం

తెల్లవారుజామున ఐదింటికల్లా పశువుల పాకలో ఉండాలి. రాత్రంతా పశువుల్ని కుట్టిన దోమలు నిండిన పొట్టతో గోడల కింది భాగంలో, పైకప్పు లోపలి వైపు, మూలన పడేసిన సామాన్ల చాటున వాలి ఉంటాయి. ఎండ ఎక్కాక లేచి చెదిరిపోతాయి. టార్చిని గోడకు ఎదురుగా కాకుండా గోడ వెంట పక్కగా పడితే దోమ నీడ పొడుగ్గా పడి సులువుగా దొరుకుతుంది. గాజు గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించిన యాస్పిరేటర్‌తో పీల్చి పట్టడమే పాత పద్ధతి, ఇప్పటికీ అదే మంచిది. నోటి వైపు ఫిల్టర్ తప్పకుండా ఉండాలి, లేకపోతే దోమ రెక్కల మీది పొలుసులు, పాక దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గట్టిగా పీలిస్తే కాళ్లు ఊడిపోతాయి. కాళ్లు పోయిన దోమ ఫిల్టర్ పేపర్ మీద నిలబడలేదు, గుడ్లు పెట్టడమూ కష్టమే. చిన్నగా, ఆగి ఆగి పీల్చాలి. గొట్టంలో పది చేరగానే కప్పులోకి ఊదేయాలి.

పొట్ట చూసి ఏరుకోవాలి. పొట్ట ముదురు ఎరుపులో ఉంటే నిన్న రాత్రి తాగిన రక్తం, ఇంకా రెండు మూడు రోజులు సాకాలి. ముందు సగం ఎరుపు, వెనక సగం తెలుపు ఉంటే గుడ్లు సగం తయారైనట్టు. పొట్టంతా తెల్లగా ఉబ్బి ఉంటే ఈ రాత్రికో రేపటికో పెట్టేస్తుంది. మేం మొదటిసారి ఎర్రవాటినే ఎక్కువగా పట్టాం, చూడ్డానికి బాగా నిండుగా ఉన్నాయని. ప్రయాణంలో చచ్చినవాటిలో ఎక్కువ అవే. రెండోసారి సగం తెల్లబడినవాటికే ఓపిక పట్టాం.

కప్పు ప్లాస్టిక్‌ది కాకూడదు, కాగితానిది కావాలి. పైన నెట్, నెట్ మీద పది శాతం చక్కెర నీళ్లలో ముంచి పిండిన దూది. దూది కారితే లోపల దోమలు అంటుకుపోతాయి. ప్లాస్టిక్ కప్పులో అసలు చిక్కు, గోడల లోపల చెమట పడుతుంది. తడి తువ్వాలు చుట్టిన పెట్టెలో రెండు గంటలు ఉంచాక చూస్తే, సన్నటి నీటి బొట్లు గోడంతా పరుచుకుని, ఒక్కో బొట్టుకు ఒక్కో దోమ రెక్క అతుక్కుని ఉంది. విడదీస్తే రెక్క చిరిగింది. కాగితం ఆ చెమ్మను పీల్చుకుంటుంది. కప్పులకు తడి తువ్వాలు చుట్టి థర్మాకోల్ పెట్టెలో పెట్టాలి, ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి ఒక పక్కన ఉంచాలి. కప్పుకు పదిహేను దోమలు దాటొద్దు. నాలుగు గంటల ప్రయాణంలో మొదటిసారి మూడో వంతు పోయాయి. ఈ మార్పులన్నీ చేశాక చావు బాగా తగ్గింది.

జల్లెడ: జాతి, సోదర జాతి, జబ్బు

పాకలో పట్టినవాటిలో మనకు కావలసినవి కొన్నే. సబ్‌పిక్టస్, వేగస్ లాంటి అనాఫిలిస్‌లు కుప్పలుగా కలిసి వస్తాయి. చల్లటి ప్లేట్ మీద కాసేపు మత్తుగా ఉంచి, మైక్రోస్కోపు కింద నోటి పక్కన ఉండే పాల్ప్‌ల పట్టీలు, రెక్కల అంచు మచ్చలు చూసి విడదీయాలి. అంతటితో అయిపోదు. క్యూలిసిఫేసిస్ అనేది ఒకే జాతి కాదు. ఎ, బి, సి, డి, ఇ అనే ఐదు సోదర జాతుల గుంపు, కంటికి ఐదూ ఒకేలా ఉంటాయి. వీటిలో బి మలేరియాను అంతగా మోయదు, మిగతావి మోస్తాయి. కలిపి పెంచితే ఆరు నెలల తర్వాత మన దగ్గర ఉన్నది దేని కాలనీయో చెప్పలేం. అందుకే ఒక్కో తల్లిని ఒక్కో వయల్‌లో విడిగా పెట్టి, గుడ్లు విడిగా పొదిగించి, తల్లి చచ్చాక దాని కాళ్ల నుంచి డీఎన్ఏ తీసి, సోదర జాతి ఏదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించాలి. ఫలితాలు తొమ్మిది రోజులకు వచ్చాయి. ఆలోపు ఎనభై మంది తల్లుల పిల్లలు ఎనభై గిన్నెల్లో, ఎనభై చీటీలతో పెరుగుతున్నాయి. డబ్బు, మనుషుల శ్రమ ఎక్కువగా ఖర్చయింది ఇక్కడే. ఫలితం వచ్చిన రోజు సగానికి పైగా గిన్నెలు పారబోయాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంది. అయినా ఈ మెట్టు దాటవేయొద్దు.

విడిగా పెంచడానికి ఇంకో కారణం మైక్రోస్పోరిడియా. బయటి దోమల్లో ఉండే ఈ పరాన్నజీవి తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లలకు పోగలదు. ఒక్క కుటుంబంలో ఉన్నా, కలిపి పెంచితే కాలనీ అంతా నీరసించిపోతుంది. గుడ్లు పెట్టిన తల్లి పొట్టను ఒక చుక్క సెలైన్‌లో నలిపి, నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూస్తే, మెరిసే కోలటి స్పోర్లు గుంపులుగా కనబడతాయి. అవి కనబడిన కుటుంబం గిన్నెలో మరిగే నీళ్లు పోసేశాం. గుడ్ల పైపొరకు అంటిన బూజు, బ్యాక్టీరియా పోవడానికి పలుచటి బ్లీచ్ ద్రావణంలో కొద్దిసేపు ఉంచి కడగడం మంచిదే గానీ, గుడ్డు లోపల ఉన్న మైక్రోస్పోరిడియాకు అది పనికిరాదు.

మనుషుల భద్రత సంగతి. బయట పట్టిన ఆడ దోమ లాలాజలంలో మలేరియా పరాన్నజీవి ఉండొచ్చు. మొదటి గదిలో పొడుగు చేతుల కోటు, గ్లవ్స్ లేకుండా కేజ్‌లో చెయ్యి పెట్టలేదు. మలేరియా పరాన్నజీవి గుడ్ల ద్వారా పిల్లలకు పోదు కాబట్టి రెండో గదిలో ఆ భయం లేదు. ఏడిస్ పెంచేవాళ్లు మాత్రం ఈ ధీమాతో ఉండకూడదు, డెంగీ లాంటి వైరస్‌లు గుడ్ల ద్వారా కూడా పోగలవు.

గుడ్లు

వయల్ అడుగున తడి దూది, దాని మీద గుండ్రంగా కత్తిరించిన ఫిల్టర్ పేపర్. పేపర్ మెరవాలి, నీళ్లు నిలవకూడదు. నీళ్లు నిలిస్తే తల్లి మునిగిపోతుంది, ఆరితే గుడ్లు మాడిపోతాయి. వయల్‌ను చీకట్లో ఉంచాలి. చాలావరకు రెండో రాత్రి, మూడో రాత్రి పెట్టేశాయి. నాలుగో రోజుకూ పెట్టనివాటిని చిన్న మైక్రోట్యూబ్‌లోకి, తడి ఫిల్టర్ పేపర్ ముక్క మీదికి మార్చాం. ఆ ఇరుకులో మరికొన్ని పెట్టాయి. ఇంకా మొండికేసినవాటికి ఒక రెక్క తీసేసి నీళ్ల మీద వదిలితే పెట్టేస్తాయి. చేయడానికి మనసు ఒప్పదు గానీ, ఒక్కో కుటుంబం విలువ తెలిశాక చేశాం.

పెట్టినప్పుడు గుడ్డు తెల్లగా ఉంటుంది. గంటా రెండు గంటల్లో బూడిద రంగు తిరిగి నల్లబడుతుంది. లెన్సు కింద చూస్తే చిన్న పడవలాగే ఉంటుంది, రెండు పక్కలా గాలి నింపిన తెప్పలు, వాటి మీద సన్నటి గీతలు. రోజు గడిచినా తెల్లగానే ఉన్నవి పొదగవు, వాటిని లెక్కలో రాసి తీసేయాలి. గిన్నెలో వేశాక గుడ్లన్నీ నీటి అంచుకు చేరి గోడకు ఎక్కుతాయి. నీళ్లు ఒక వెంట్రుకవాసి తగ్గినా అవి పొడి గోడ మీద మిగిలిపోతాయి. మొదటి విడతలో ఇలా పోయిన గుడ్లు చూస్తే కడుపు తరుక్కుపోయింది. గిన్నె లోపల చుట్టూ ఫిల్టర్ పేపర్ పట్టీ నిలబెడితే అది నీళ్లు పీల్చుకుని అంచు తడిగా ఉంచుతుంది. ఇరవై ఏడు డిగ్రీల దగ్గర రెండు రోజులకు పిల్లలు వచ్చాయి, వెనకబడినవి మూడో రోజు.

లార్వాలు

ముప్ఫై అయిదు సెంటీమీటర్ల పొడవు, పాతిక వెడల్పు ఉన్న ట్రేలో రెండు సెంటీమీటర్ల లోతు నీళ్లు, రెండు వందల లార్వాలు. మూడు వందలు వేస్తే బతుకుతాయి గానీ చిన్న దోమలు వస్తాయి. చిన్న ఆడ దోమ గుడ్లు తక్కువ పెడుతుంది, చిన్న మగ దోమ, జత కట్టడానికి గుంపుగా ఎగిరే ముసురులో వెనకబడుతుంది. కుళాయి నీళ్లయితే ఒక రోజు తెరిచి నిలబెట్టి క్లోరిన్ పోనివ్వాలి.

తిండి: అక్వేరియం చేపల మేతను మెత్తగా నూరి, సన్న జల్లెడ పట్టిన పొడి. మొదటి రెండు రోజులు పొడి వద్దు, యీస్ట్ కలిపిన నీళ్లు కొన్ని చుక్కలు చాలు. తర్వాత ట్రేకు రోజుకు ఇరవై మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగో దశకు అరవై, డెబ్భై దాకా పెంచాం. దాన్ని రెండు పూటలుగా చల్లాలి. అనాఫిలిస్ లార్వా నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని, అక్కడ తేలేదే తింటుంది. అడుగుకు మునిగిన తిండి దానికి అందదు, కుళ్లుతుంది. అందుకే మెత్తటి పొడి, కొద్దికొద్దిగా.

ఎక్కువ పెట్టడమే అందరూ చేసే తప్పు, మేమూ చేశాం. సాయంత్రం చల్లిన మేత ఉదయానికి నీళ్ల మీద పల్చటి తెట్టు కట్టింది. దానికింద లార్వాలకు గాలి అందలేదు, మధ్యాహ్నానికి రెండు ట్రేలు పోయాయి. అప్పటినుంచి రోజూ పొద్దున మేతకు ముందు టిష్యూ పేపర్‌ను నీటి పైపొర మీద పరిచి, ఒక అంచు నుంచి మెల్లగా లాగేస్తున్నాం. తెట్టు దానితో వచ్చేస్తుంది. పేపర్ వెంట వచ్చిన లార్వాలను డ్రాపర్‌తో వెనక్కి కడగాలి. నీళ్లు తెల్లగా మసకబారితే అప్పటికే ఆలస్యమైనట్టు, లార్వాలను జల్లెడలోకి తీసుకుని కొత్త నీళ్లలోకి మార్చాలి.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. గది ఇరవై ఏడు డిగ్రీలు చూపిస్తున్నా ట్రేలో నీళ్లు దాదాపు రెండు డిగ్రీలు చల్లగా ఉంటాయి, ఆవిరి అవుతూ ఉంటాయి కాబట్టి. పైగా ర్యాక్ పై అరకు, కింది అరకు తేడా ఉంటుంది. ఒకే రోజు పొదిగిన పిల్లలు పై అరలో పది రోజులకు ప్యూపాలైతే, కింద పదమూడు రోజులు పట్టింది. థర్మామీటర్ నీళ్లలో పెట్టి కొలవాలి, ట్రేల అరలు రోజూ మార్చాలి.

సబ్బు నురగ కనిపించకపోయినా చంపుతుంది. సబ్బుతో కడిగిన ట్రేలో లార్వాలు పైపొరను పట్టుకోలేక మునిగిపోతాయి. మా ట్రేలకు వేడి నీళ్లు, బ్రష్ తప్ప ఇంకేమీ వాడం. సెప్టెంబరులో ఒక ఉదయం పెద్ద దోమలు కేజ్ అడుగున వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. ముందురోజు భవనం వాళ్లు మాకు చెప్పకుండా వరండాలో పురుగుమందు కొట్టించారు. తలుపు కింది సందులోంచి లోపలికి వచ్చింది. ఇప్పుడు తలుపులకు రబ్బరు పట్టీలు, వరండాలో బోర్డు ఉన్నాయి. గదిలోకి వచ్చేవాళ్లు ఒంటికి దోమల క్రీము, సెంటు రాసుకోకూడదు. కేజ్‌కు కొత్త నెట్ కొనేటప్పుడు మందు పట్టించిన దోమతెర గుడ్డ కాదని అడిగి తెలుసుకోండి.

ప్యూపాలను వెడల్పు మూతి డ్రాపర్‌తో రోజుకు రెండుసార్లు ఏరి, గిన్నెలో వేసి కేజ్‌లో పెడతాం. రెండు రోజుల్లోపు దోమ అవుతుంది. మగవి ఒక రోజు ముందుగా వస్తాయి, కాబట్టి మొదటి రోజు ప్యూపాలను మాత్రమే తీసుకుని కేజ్ నింపితే లింగ నిష్పత్తి తప్పుతుంది.

మసక వెలుతురు

ఆగస్టు చివరికి మొదటి తరం దోమలు వందల్లో ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నాయి, చక్కెర తాగుతున్నాయి, రక్తమూ కొన్ని తాగాయి. పని అయిపోయిందనుకున్నాం. తాగినవాటిలో చాలావరకు గుడ్లు పెట్టనే లేదు, పెట్టిన కొద్ది గుడ్లూ తెల్లగానే ఉండిపోయాయి. ఆడ దోమల్ని కోసి చూశాం. అనాఫిలిస్ ఆడ దోమకు వీర్యం దాచుకునే సంచి ఒకటే ఉంటుంది, స్పెర్మథీకా అంటారు (ఏడిస్, క్యూలెక్స్‌లకు మూడు). పొట్ట చివరి రెండు ఖండాలను సెలైన్ చుక్కలో సూదితో లాగితే గుండ్రటి గోధుమ రంగు పూసలా బయటికొస్తుంది. కవర్ స్లిప్ వేసి మెల్లగా నొక్కి చూడాలి. జత కట్టిన దోమలో దారాల్లాంటి శుక్రకణాలు చుట్టలు చుట్టుకుని తిరుగుతుంటాయి. కట్టని దోమలో గాజు గోళీలా ఖాళీగా ఉంటుంది. మేం చూసినవాటిలో పదిలో ఒకదానికి కూడా నిండలేదు. రెండో తరం కొద్ది దోమలతో మొదలై, అక్టోబరు మొదటి వారంలో ఆఖరి ఆడ దోమ చచ్చిపోయింది. ఆ ఖాళీ కేజ్‌ను రెండు రోజులు ఎవరూ కడగలేదు.

అప్పుడు వెనక్కి తిరిగి చదివాం. ఆఫ్రికాలో ముఖ్యమైన మలేరియా దోమల్లో ఒకటి అనాఫిలిస్ ఫ్యూనెస్టస్. దాని కాలనీలు చాలాకాలం నిలవలేదు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే వాటిలో ఒకటి 2000లో మొజాంబిక్ దోమలతో, ఇంకోటి 2002లో అంగోలా దోమలతో మొదలయ్యాయి. పెరూ అమెజాన్‌లోని డార్లింగీ దోమ, కేజ్‌లో చీకటి పడ్డాక కాంతిని మిణుకుమిణుకుమనిపిస్తేనే జత కట్టిందని గత దశాబ్దంలో తేలింది. అంటే దోమ మొండిది కాదు, దానికి కావలసిన సంధ్యను మేం ఇవ్వలేదు. మా గదిలో ఆరు గంటలకు టైమర్ లైటును టక్కున ఆర్పేస్తోంది.

అక్టోబరు మూడో వారంలో మళ్లీ పాకలకు వెళ్లాం, మళ్లీ జల్లెడ, మళ్లీ ఎనభైకి పైగా గిన్నెలు. నవంబరు రెండో వారానికి కొత్త మొదటి తరం కేజ్‌లో ఉంది. ఈసారి మార్చినవి ఇవీ.

కేజ్ ముప్ఫై సెంటీమీటర్ల ఘనం నుంచి అరవై సెంటీమీటర్లకు పెంచాం. లైటు గంట సేపు మెట్లు లేకుండా తగ్గేలా డిమ్మర్ పెట్టాం. సగానికి తగ్గి, మళ్లీ పాతికకు తగ్గి, ఇలా మెట్లుగా తగ్గినప్పుడు ప్రతి మెట్టుకూ దోమలు బెదిరి గోడలకు వాలిపోయాయి. వెలుతురు ఒక పక్క నుంచే పడేలా, ఆ పక్క ఆఖరున కాస్త మిగిలేలా పెట్టాం. కేజ్ అడుగున తెల్ల గుడ్డ పరిచి, మధ్యలో అరచేయంత నల్ల గుడ్డ ముక్క ఉంచాం. బయట మగ దోమలు నేల మీద ఏదో ఒక గుర్తు చూసుకుని దాని పైనే ముసురుతాయి. గది వేడి సాయంత్రం రెండు డిగ్రీలు పడిపోయేలా చేశాం. ఆడవాటికంటే మగవి ఎక్కువ ఉంచాం. మగ దోమ పుట్టిన మొదటి రోజు జత కట్టలేదు, దాని పొట్ట చివరి భాగం నూట ఎనభై డిగ్రీలు తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మూడు నుంచి ఏడు రోజుల వయసు మగవి పనికొచ్చాయి.

చీకట్లో ఎర్ర టార్చితో కేజ్ పక్కన కూర్చుని చూడాలి, ఇంకో దారి లేదు. నలభయ్యో నిమిషం దగ్గర మగ దోమల మీసాల వెంట్రుకలు విచ్చుకుంటాయి. పగలంతా అణిగి ఉండి, దువ్వెన తగలని ఈకలా కనిపించే మీసం అప్పుడు సీసాలు కడిగే బ్రష్‌లా నిక్కుతుంది. ఆడ దోమ రెక్కల చప్పుడు వినడానికి ఆ సిద్ధం. మొదటి పది రోజులు మీసాలు విచ్చుకున్నాయి గానీ ముసురు కట్టలేదు. పదకొండో సాయంత్రం నల్ల గుడ్డ పైన జానెడు ఎత్తులో ఆరేడు మగవి పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టాయి. పన్నెండు నిమిషాలు ఊగాయి. ఒక ఆడది మధ్యలోకి దూసుకొచ్చి, ఇంకొకదానితో కలిసి కింద పడింది. ఊపిరి బిగబట్టి చూశాం.

అంతమాత్రాన కాలనీ నిలవదు. జత కట్టినవి అప్పటికీ తక్కువే. వాటిమీదే ఆధారపడితే పది పన్నెండు కుటుంబాలకు కుదించుకుపోతుంది. అందుకే మొదటి నాలుగు తరాలు చేత్తో కూడా జత కట్టించాం. ఇది 1950ల చివర్లో ఏడిస్ దోమల మీద మొదలైన పద్ధతి. ముందురోజు రక్తం తాగిన ఆడ దోమను కొద్దిసేపు చల్లటి ప్లేట్ మీద మత్తులో ఉంచి, వెల్లకిలా పెట్టాలి. అయిదారు రోజుల మగ దోమను సన్నటి సూది మొనకు వీపు వైపు అతికించి, తల తీసేయాలి. తల ఉన్నంతసేపూ మెదడు అడ్డుపడుతుంది, తీసేశాక పొట్ట చివరి పట్టుకొమ్మలు తాకగానే వాటంతటవే పట్టుకుంటాయి. రెండింటి పొట్ట చివరలూ ఎదురెదురుగా, కొంచెం కోణంలో తాకించాలి. పట్టు పడితే అరనిమిషం దాకా కదిలించకూడదు. పట్టు పడకపోతే కోణం మార్చి చూడాలి. మూడుసార్లకు పడకపోతే ఆ మగదాన్ని వదిలేయాలి. మొదటి వారం చేతులు వణికి గంటకు నాలుగైదు కూడా కాలేదు. నెల తిరిగేసరికి గంటకు పాతిక దాకా వచ్చాయి. మెడ, కళ్లు మాత్రం పట్టేస్తాయి, రోజుకు రెండు గంటలు మించి కూర్చోవద్దు. ఆడ దోమ మత్తు వదిలి లేస్తుందా లేదా అన్నది చల్లదనం ఎంతసేపు ఇచ్చాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. నిమిషాలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి.

రక్తం

కేజ్‌లో పుట్టిన దోమ కూడా తొలి తరాల్లో గాజు ఫీడర్‌కు కట్టిన పారాఫిల్మ్ (రక్తం పోసిన ఫీడర్‌కు మూతలా కట్టే సాగే పొర) వైపు చూడదు. నైతిక కమిటీ అనుమతితో మొదటి రెండు తరాలకు కుందేలును వాడాం. మూడో తరం నుంచి పొర మీద అలవాటు చేశాం. ముప్ఫై ఏడు డిగ్రీలు తగ్గకూడదు. ముప్ఫై నాలుగుకు పడిపోయిన రోజు ఒక్కటీ వాలలేదు. పారాఫిల్మ్‌ను నాలుగు వైపులా బాగా సాగదీసి పలచన చేయాలి, ఒక రోజంతా వేసుకున్న సాక్సును ఫీడర్ చుట్టూ ఉంచాలి. మనిషి వాసన వచ్చాక వాలేవి పెరిగాయి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపినదే తీసుకున్నాం. తర్వాత మలేరియా పరాన్నజీవితో ప్రయోగాలు చేసేవాళ్లకు సిట్రేట్ అడ్డం వస్తుంది, అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఫ్రిజ్‌లో అయిదు రోజులు దాటిన రక్తాన్ని దోమలు సరిగా తాగలేదు. ఆరు గంటల ముందు చక్కెర దూది తీసేసి, నీళ్ల దూది మాత్రం ఉంచాలి. నీళ్లు కూడా తీసేస్తే తాగకముందే చస్తాయి. ఫీడర్ పెట్టేది చీకటి పడ్డాక, నలభై అయిదు నిమిషాలు. మొదటిసారి తాగి గుడ్లు తయారు కానివాటికి రెండు రోజులకు మళ్లీ ఇవ్వాలి. తొలి రక్తం కొన్నింటికి ఒంటికే సరిపోతుంది, గుడ్లదాకా రాదు.

డిసెంబరు నుంచి ఏప్రిల్

ఒక్కో తరానికి సుమారు నెల పట్టింది. ప్రతి తరంలో ముప్ఫై ఆడ దోమల్ని కోసి స్పెర్మథీకా చూశాం, ఈ కాలనీ ఆరోగ్యాన్ని చెప్పే అంకె అదొక్కటే. రెండో తరం మొదటిదానికంటే ఏమంత మెరుగు కాదు. మూడో తరం జనవరిలో గుడ్లు సగానికి పడిపోయాయి, మళ్లీ పోతుందేమోనని నిద్ర పట్టలేదు. నాలుగో తరంలో చేత్తో కట్టించినవి ఒక కేజ్, వదిలేసినవి ఒక కేజ్ వేరు చేసి చూస్తే, వదిలేసిన కేజ్‌లో మూడింట ఒక వంతు నిండి ఉన్నాయి. అయిదో తరంలో సగం దాటింది, చేతి పని ఆపేశాం. ఏప్రిల్‌లో ఆరో తరం వచ్చేసరికి పదిలో ఏడు.

ఈ అంకె పెరగడంలో సంతోషం ఎంతుందో జాగ్రత్త కూడా అంతే ఉంది. ఇరుకులో జత కట్టగలిగినవే మిగిలాయి, పొర మీద తాగగలిగినవే మిగిలాయి. పాకలో పట్టిన దోమా, ఆరో తరం దోమా ఒకటి కావు. పురుగుమందులకు తట్టుకునే గుణం కూడా మందు తగలని గదిలో తరతరానికీ జారిపోవచ్చు. అందుకే బయటి దోమ స్వభావం తెలుసుకోవాల్సిన పరీక్షలన్నీ, ముఖ్యంగా పురుగుమందు పరీక్షలు, మొదటి తరంలోనే చేసి పెట్టుకున్నాం. ప్రతి తరం నుంచి యాభై దోమల్ని ఆల్కహాల్‌లో భద్రపరిచాం. సోదర జాతి పీసీఆర్ నాలుగో తరంలో మళ్లీ చేయించాం, పొరపాటున ఇంకో కాలనీ దోమ కలిసిందేమో చూడ్డానికి.

సెలవు సంగతి ముందే చెప్పుకోవాలి. ఏడిస్ గుడ్లను ఆరబెట్టి నెలల తరబడి పెట్టెలో ఉంచొచ్చు. అనాఫిలిస్ గుడ్డుకు ఆ వెసులుబాటు లేదు, రెండు మూడు రోజుల్లో పొదుగుతుంది లేదా చస్తుంది. కాలనీ మొదలైన రోజు నుంచి పండగైనా, జ్వరమైనా ఎవరో ఒకరు పొద్దునా సాయంత్రం గదిలో ఉండాల్సిందే. మేం ముగ్గురం వంతులు వేసుకున్నాం. మార్చిలో ఒక రాత్రి కరెంటు పోయి హీటర్ ఆగింది, పొద్దునకు గది ఇరవై ఒక్క డిగ్రీలకు దిగింది. లార్వాలు బతికాయి గానీ నాలుగు రోజులు వెనకబడ్డాయి, ఆ వారం వెలుతురు కూడా వేళ తప్పి ముసురు కట్టలేదు. అప్పుడే మరో గదిలో, వేరే కరెంటు లైను మీద ఇంకో కాలనీ ఉండాలని తీర్మానించాం.

ఏప్రిల్ పదకొండున ఆరో తరం గుడ్లు తడి ఫిల్టర్ పేపర్ మీద పరిచి, పెట్రీ ప్లేట్‌లో మూసి ఆ గదికి తీసుకెళ్లాం. పదమూడు ఉదయానికి పొదిగాయి. వాటి మొదటి మేతగా యీస్ట్ నీళ్లు అయిదు చుక్కలు వేశాం, డిమ్మర్ టైమర్‌ను అయిదున్నరకు పెట్టాం.